గోండుల ఇంట ఇప్పపూవు

మెండోర పరిసరములలో నివసించు మనకు తీపి అనగానే చెరకు స్ఫురించును. బోధనులో 1930వ దశకమున వెలసి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము మన ప్రాంతమునకు ఆ తీపితోనే పేరు తెచ్చినది. పోచంపాడు వద్ద గోదావరిని దాటి, నిర్మల్ మీదుగా ఉట్నూరు కొండలకు పోయినచో, అచటి గోండులకు తీపి చెట్టునుండి రాలును. అదియే ఇప్పపూవు. ఆ పేరు వినగానే మనలో పెక్కురకు సారాయే జ్ఞప్తికి వచ్చును. అది మొదట ఆహారమనియు, తరువాతనే సారాయనియు తెలుపుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

గోండులు తమను తాము 'కోయితూర్' అని చెప్పుకొందురు. వారి ప్రధానాహారము జొన్న. జొన్నరవ్వతో గటక వండి పప్పుతోనో ఆకుకూరతోనో తిందురు. వేసవిలో అంబలి త్రాగుదురు. పాతగింజలు అడుగంటి, కొత్తపంట చేతికి రాని వానకాలమే వారికి కొరతకాలము. వేసవిలో దాచిన ఇప్పపూవు అప్పుడు ఆదుకొనును.

ఫాల్గుణ చైత్రములలో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూయును. కండగల లేతపసుపు పూవులు రాత్రి మొదలు తెల్లవారువరకు రాలుచుండును. స్త్రీలు, పిల్లలు వేకువనే బుట్టలతో వెళ్లి ఏరుకొని వచ్చి ఎండబెట్టుదురు. బాగుగా ఎండిన పూవు నెలల తరబడి నిలువయుండును. అందు సగమునకు పైగా చక్కెరయే. దానిని ఉడికించి తిందురు. వేయించి దంచి జొన్నపిండితో కలుపుకొందురు. తరువాత వచ్చు కాయల గింజలనుండి నూనె తీసి వంటకును దీపమునకును వాడుదురు.

అడవి ఈయనిది ఆ ఇంట తక్కువ. తునికి, మొర్రి పండ్లు పిల్లల చిరుతిండి. వెదురుకొమ్ములు కూర. మోదుగాకు విస్తరి. కర్రస్తంభములు నాటి, వెదురుతడికలు కట్టి, మట్టియు పేడయు మెత్తి, గడ్డి కప్పినదే వారి పాతకాలపు ఇల్లు. నేడు పెంకుటిండ్లు, సిమెంటు ఇండ్లు పెక్కు వచ్చినవి. కొత్తపంటను దేవతలకు సమర్పింపక ముందు తినరాదను నియమము మాత్రము నిలిచియున్నది. కోరినప్పుడెల్ల కోసుకొనక, పక్వమగువరకు ఆగుట ఇందలి మేలు.

పొలము చదునుచేయునపుడు సైతము గోండురైతు ఇప్పచెట్టును నరకక విడిచిపెట్టును. అందుచేతనే చేల నడుమ ముసలిచెట్లు నేటికిని కనిపించును. కాని వాని క్రింద మొలకలు అరుదు. పూవులు తేలికగా ఏరుటకై ఎండుటాకులకు నిప్పు పెట్టినచో లేతమొక్కలు మాడిపోవును. గింజలన్నియు ఏరుకొనినచో మొలచునవి కొలదియే. నాటిన మొక్క పూచుటకు పదేండ్లకు అటునిటు పట్టును. ముసలిచెట్టు కూలిన చోట వేరొకటి లేకున్నచో, ఒక ఇంటి గాదెయే తరిగిపోయినట్లు.

అటవీ ఉత్పత్తులను సేకరించు హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదివాసులకు గుర్తించినది. ఉట్నూరు ప్రాంతమున ఆదివాసి మహిళలు ఇప్పపూవులతో లడ్డూలు చేసి, అది పిల్లలకు పెట్టదగిన బలమైన తిండియని చూపిరి. హక్కు ఉన్నను, ఆదరణ ఉన్నను, చెట్టు లేనిదే పూవు లేదు. ఆకులు కాల్చుటకు మారుగా ఊడ్చుట, కొన్ని గింజలను నేలకే విడుచుట, ఏటేట కొన్ని మొక్కలు నాటి కంచె వేయుట — ఇవి ఖర్చులేని పనులు. మన చెరకునకు కాలువనీరు ఎట్టిదో, వారి ఇప్పకు ఈ శ్రద్ధయు అట్టిదే.