రాని రోగమునకు శస్త్రచికిత్స

రోగము వచ్చిన పిమ్మట వైద్యుని ఆశ్రయించుట లోకరీతి. రోగము రాకమునుపే ఆరోగ్యముగా నున్న అవయవమును తీయించుకొనుట వింతగా తోచును. కాని కాన్సరు కొన్ని కుటుంబములలో తరతరములుగా సంక్రమించుననియు, దానికి మూలమైన జన్యులోపమును రక్తపరీక్షచే గుర్తింపవచ్చుననియు తేలిన తరువాత, ఈ వింతయే వైద్యమున ఒక మార్గమైనది. అట్లు చేయించుకొన్నవారు ఎన్నేండ్లు బ్రదుకుదురన్న ప్రశ్నకు శాస్త్రము సమాధానము చెప్పినది. ఎట్లు బ్రదుకుదురన్నది అంతకంటె చిన్న ప్రశ్న కాదు.

1990లో మేరీ క్లెయిర్ కింగ్ అను అమెరికా శాస్త్రవేత్త, వంశపారంపర్య స్తన కాన్సరునకు కారణమైన జన్యువు 17వ క్రోమోసోముపై నున్నదని చూపినది. 1994లో ఆ జన్యువు చిక్కినది. దాని పేరు బి.ఆర్.సి.ఎ.1. కణములో తెగిన డి.ఎన్.ఎ.ను బాగుచేయుట దాని పని. అది చెడిన స్త్రీలలో 80 ఏండ్లు వచ్చులోపల నూటికి 72 మందికి స్తన కాన్సరు, 44 మందికి అండాశయ కాన్సరు రాగలదని 2017 నాటి ఒక పరిశోధన తెలిపినది. ఈ లోపము తల్లినుండియే కాదు, తండ్రినుండియు రావచ్చును. ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము సగము. ఐతే కాన్సరులన్నింటిలో వంశపారంపర్యమైనవి నూటికి 5 మొదలు 10 వరకే. కనుక ఇంట ఒకరికి కాన్సరు వచ్చినంతమాత్రమున అందరును భయపడ నక్కరలేదు.

2013లో చలనచిత్ర నటి ఏంజెలీనా జోలీ తాను ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నట్లు పత్రికాముఖమున ప్రకటించుటతో ఈ విషయము ప్రపంచమంతట చర్చకు వచ్చినది. ఆమె తల్లి 2007లో కాన్సరుతో మరణించినది.

అంతకు పూర్వమే, జన్యుపరీక్ష లేని కాలమున, కుటుంబ చరిత్రనుబట్టి రెండు స్తనములను తీయించుకొన్నవారు కలరు. అమెరికాలోని మేయో వైద్యశాలవారు అట్టి స్త్రీలను 572 మందిని ప్రశ్నించి 2000లో ఫలితములు ప్రకటించిరి. అప్పటికి చికిత్స జరిగి సగటున పదునాలుగున్నర ఏండ్లు గడచినవి. నూటికి 70 మంది సంతృప్తి తెలిపిరి. 19 మంది అసంతృప్తి తెలిపిరి. 74 మందికి కాన్సరు చింత తగ్గినది. కాని 36 మందికి తమ రూపముపై తృప్తి తగ్గినది. 23 మందికి దాంపత్య సుఖమున లోటు కలిగినది. భయము తీరుట ఒక లాభము. దానికి వెల యున్నది.

అండాశయములను తీసివేసినచో ముట్లు ఒక్కసారిగా ఉడుగును. ఒంట ఆవిరులు, నిద్రలేమి కలుగును, ఎముకలు బలహీనపడును. తగినవారికి వైద్యులు హార్మోనులిచ్చి ఈ బాధలను తగ్గింతురు. జీర్ణాశయ కాన్సరు వంశమున నున్నవారి కథ వేరు. న్యూజిలాండులోని ఒక మావోరీ కుటుంబమున 1998లో దానికి కారణమైన జన్యులోపము బయటపడినది. అట్టివారు జీర్ణాశయమును పూర్తిగా తీయించుకొని, దినమునకు పలుమారులు కొద్దికొద్దిగా భుజించుచు బ్రదుకుదురు. బి12 విటమిను జీవితాంతము తీసికొనవలయును.

పల్నాటిలోని మాచవరము వంటి గ్రామములకు ఇది దూరపు విషయమని తలపరాదు. మిరప, పత్తి చేలలో పనిచేయు స్త్రీకి భుజపు బిగువు రూపమునకు సంబంధించిన చిక్కు మాత్రమే కాదు, కూలికి సంబంధించినది. పల్నాటి వేసవిలో ఒంటి ఆవిరులు మరింత దుస్సహములు. అన్నింటికంటె భారమైనది మౌనము. ఆ యింట కాన్సరున్నదన్న మాట పొక్కినచో ఆడపిల్లల పెండ్లి ఆగునని పెద్దలు దాచెదరు. మేనత్త ఏ రోగముతో పోయినదో మేనకోడలికి తెలియకపోవును. తెలియనిచో పరీక్షయు లేదు, ఎంపికయు లేదు.

శస్త్రచికిత్స ఒక్కటియే మార్గము కాదు. స్తనముల విషయమున ఏటేట పరీక్షలతో కనిపెట్టియుండవచ్చును. అండాశయములకు మాత్రము నమ్మదగిన ముందస్తు పరీక్ష లేదు. హైదరాబాదులోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగము కలదు. అట్టిచోట లాభనష్టములు రెండును విని, తొందరలేక నిర్ణయించుకొన్నవారికే తరువాతి జీవితము తేలిక.

మెండెలు బఠాణీ మొక్కల పాఠము ప్రతి పాఠశాలలోను చెప్పుచున్నారు. వంశమున వచ్చునది లోపమే గాని పాపము కాదని ఉపాధ్యాయుడు ఆ పాఠముననే మరియొక మాట చేర్చినచో, ఏ విద్యార్థినియో ఇంటికి పోయి తల్లిని ఒక ప్రశ్న అడుగగలదు.