వీడియో ఇంటర్వ్యూకు ఇంటిల్లిపాదీ సిద్ధం కావాలి

మన సొసైటీ ఉపకార వేతనంతో బీకామ్ పూర్తి చేసిన ఒక అమ్మాయికి ఆమధ్య హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూ పిలుపు పంపింది. వెళ్లనక్కర్లేదు, వీడియో కాల్‌లోనే అన్నారు. ఇంట్లో అందరూ సంతోషించారు, బస్సు చార్జీ మిగిలిందని. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. రెండో ప్రశ్నకు కుక్కర్ కూత పెట్టింది. కాసేపటికి ఊరి నుంచి వచ్చిన మామూ తలుపు తోసుకుని సలాం చెప్పారు. పాపం, ఆయనకేం తెలుసు! పిల్ల తడబడింది, ఉద్యోగం రాలేదు. మూడు నెలల తర్వాత మరో ఇంటర్వ్యూను మన ఆఫీసు వెనక గదిలో కూర్చుని ఇచ్చింది. ఎంపికైంది. రెండుచోట్లా దాదాపు అవే ప్రశ్నలు అడిగారని తనే చెప్పింది.

పూర్వం ఇంటర్వ్యూ అంటే వాళ్ల ఆఫీసు, వాళ్ల కుర్చీ, వాళ్ల ఫ్యాను. నిశ్శబ్దం కూడా వాళ్లదే బాధ్యత. ఇప్పుడు అవన్నీ మన నెత్తిన పడ్డాయి. అందుకే ఈ నాలుగు మాటలు పిల్లలతోపాటు తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను.

ముందు టైము సంగతి. మన దగ్గర చాలామంది గల్ఫ్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తారు. సౌదీ, కువైట్, ఖతర్ గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, ఒమన్ గంటన్నర వెనక. మెయిల్‌లో పదకొండు గంటలు అని ఉంటే అది ఎవరి పదకొండో చూసుకోవాలి. సౌదీ, కువైట్‌లలో సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి ఆదివారం ఇంటర్వ్యూ పెడితే ఆశ్చర్యపోవద్దు. మన దేశపు కంపెనీలేమో శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు పెట్టేస్తుంటాయి. జుమా నమాజు ఉంది, మూడు గంటల తర్వాత వీలవుతుందా అని రెండు వాక్యాల మెయిల్ ముందురోజే పెట్టండి. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడి, మనసు మసీదు మీద పెట్టుకుని జవాబులు చెప్పడం రెండింటికీ న్యాయం కాదు. మిగతా రోజుల్లో జుహర్, అసర్ నమాజులకు వ్యవధి ఉంటుంది కాబట్టి ముందే సర్దుకోవచ్చు. దగ్గర్లో మసీదు ఉంటే అజాన్ వేళ చూసుకోండి. మైకు మోగినప్పుడు ఒక్క క్షణం క్షమించమని చెప్పి మ్యూట్ చేస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఇక ఫోను. ల్యాప్‌టాప్ లేదని దిగులు పడక్కర్లేదు, ఫోనుతోనే నెగ్గినవాళ్లున్నారు. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. పుస్తకాలు దొంతరగా పేర్చి, కెమెరా మన కళ్ల ఎత్తుకు వచ్చేలా అడ్డంగా నిలబెట్టండి. కిటికీ మన ముందు ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. మధ్యలో మామూలు కాల్ వస్తే ఇంటర్వ్యూ మాట ఆగిపోతుంది కాబట్టి డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. గంటసేపు వీడియో కాల్‌కు అర జీబీ నుంచి ఒకటిన్నర జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ మీద ఉన్న ఇంట్లో తమ్ముడు పొద్దున్నే రీల్స్ చూస్తే అక్క ఇంటర్వ్యూ మధ్యలో ఆగుతుంది. వైఫై ఉన్నా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కనుక మరో ఫోను హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. పిలిచినవాళ్ల ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. లైను తెగితే అదే లింకుతో మళ్లీ చేరి, సారీ అని ఒక్క మాట చెప్పి వదిలిన చోటి నుంచి మొదలుపెట్టండి. కథంతా చెప్పక్కర్లేదు.

హిజాబ్ వేసుకునే అమ్మాయిలకు ఒక చిన్న సంగతి, ఇది ఎవరూ చెప్పరు. ఇయర్‌ఫోన్ వైరుకున్న మైకు గుడ్డ కిందికి పోతే తల కదిపినప్పుడల్లా గరగర వినిపిస్తుంది. మైకును గుడ్డ బయటికి తీసి పెట్టుకోండి. వెనక నకిలీ దృశ్యాలు పెట్టవద్దు. దుపట్టా అంచుల్నీ, అబ్బాయిల గడ్డాన్నీ ఫోను తినేస్తుంది. శుభ్రమైన గోడ చాలు.

మాట విషయానికొస్తే, వీడియోలో శబ్దం అరక్షణం ఆలస్యంగా వస్తుంది. ప్రశ్న పూర్తయ్యాక ఒక్క ఊపిరి ఆగి మొదలుపెట్టాలి. జవాబులు తెర మీద పెట్టుకుని చదివితే కళ్లు పక్కకు పరుగెత్తడం అవతలివాళ్లకు తెలిసిపోతుంది. పక్కన అన్నయ్య కూర్చుని అందించడం అంతకన్నా చేటు. గది చుట్టూ కెమెరా తిప్పి చూపించమనేవాళ్లు కూడా ఉన్నారు. తెలియనిది తెలియదని చెప్పడమే మేలు, అది మన దీన్ నేర్పిన పద్ధతి కూడా. ముందురోజు బంధువొకరితో నిజంగా కాల్ చేసి, దాన్ని రికార్డు చేసి చూసుకోండి. చూడటానికి సిగ్గుగా ఉంటుంది, అయినా చూడండి. మనం ఎంత వేగంగా మాట్లాడతామో అప్పుడే తెలుస్తుంది.

చివరగా, మోసాల సంగతి. గల్ఫ్ ఉద్యోగమంటూ వాట్సాప్‌లో పది నిమిషాలు మాట్లాడి, సాయంత్రానికే ఆఫర్ లెటర్ పంపి, వీసా ఖర్చులకు డబ్బు వేయమనేవాళ్లు తిరుగుతున్నారు. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు ఉందో లేదో చూడవచ్చు. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగాడంటే, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చన్నాడంటే, అమ్మీ గాజులు అమ్మకముందే మన ఆఫీసుకు వచ్చి ఒకసారి ఆ కాగితాలు చూపించండి.

ఆఫీసు వెనక గదిలో ఇప్పుడు టేబులు, కుర్చీ, ఇన్వర్టర్ ఉన్నాయి. ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ముందురోజు అసర్ లోపు చెబితే గది తాళం మీకోసం ఉంచుతాం.