మూడు పాయల బలం



ఈ ఉదయం మీలో ఎంతమంది జడ వేయించుకుని బడికి వెళ్ళారు? మీకు కాకపోతే మీ అక్కకో, చెల్లెలికో వేసే ఉంటారు. అమ్మ వేళ్ళు గబగబా కదులుతాయి, నాలుగు నిమిషాలలో జడ తయారవుతుంది. అందులో ముడి లేదు, జిగురు లేదు. చివర ఒక రిబ్బను మాత్రమే ఉన్నది. అయినా మీరు ఎంత దూకినా, ఎంత పరుగెత్తినా సాయంత్రం దాకా జడ జడగానే ఉంటుంది. అది ఎట్లా నిలుస్తున్నదో ఎప్పుడైనా ఆలోచించారా?

ఈ సంగతి బాగా తెలుసుకోవలసిన ఊరు ఒకటి ఉన్నది. అది మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్. పెద్దపల్లి జిల్లాలో కాల్వ శ్రీరాంపూర్ అని మరొకటి ఉన్నది, అది వేరు. మనం చెప్పుకుంటున్న శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం. 2016 దాకా ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఇక్కడివారు బొగ్గుగనిని 'బాయి' అంటారు. "బాపు బాయికి పోయిండు" అని ఒక పిల్ల చెప్పిందంటే, వాళ్ళ నాన్న నీళ్ళకు వెళ్ళాడని కాదు, గనిలో పనికి వెళ్ళాడని అర్థం. ఆ పిల్ల వీపు మీద ఊగే జడకూ, బాపు పనిచేసే గనిలోని ఉక్కుతాడుకూ దగ్గరి చుట్టరికం ఉన్నది. అదేమిటో చూద్దాం.

జడ ఎందుకు ఊడదు?

మూడు రంగుల తాళ్ళు తీసుకోండి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, ఒకటి పసుపు. మూడింటినీ ఒకచోట కలిపి కిటికీ ఊచకు కట్టండి. ఇప్పుడు కుడిపక్క తాడును మధ్యతాడు మీదుగా మధ్యకు తీసుకురండి. తరువాత ఎడమపక్క తాడును మధ్యకు తీసుకురండి. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ఇంతే జడ!

ఇట్లా ఆరుసార్లు మార్చి ఆగండి. ఎరుపు, తెలుపు, పసుపు మూడూ మొదట ఏ వరుసలో ఉన్నాయో మళ్ళీ ఆ వరుసలోకే వచ్చి ఉంటాయి. రాకపోతే ఎక్కడో ఒక చెయ్యి తప్పిందన్నమాట. విప్పి మళ్ళీ అల్లండి.

అల్లిన తాడును దగ్గరగా పరీక్షించండి. ప్రతి పాయా ఒకచోట పక్కపాయ మీదుగా పోతుంది, ఇంకొకచోట దానికింద నలుగుతుంది. చివరపట్టి లాగితే పాయలు విడిపోవు సరికదా, ఒకదానినొకటి మరింత గట్టిగా నొక్కుకుంటాయి. నొక్కుకున్నకొద్దీ వాటి మధ్య రాపిడి పెరుగుతుంది. జడను నిలిపేది ఈ రాపిడే.

మరి రెండు పాయలతో జడ వేయరాదా? ప్రయత్నించండి. రెండు తాళ్ళు ఒకదానిచుట్టూ ఒకటి మెలి తిరుగుతాయి. చెయ్యి వదలగానే గిర్రున వెనక్కు తిరిగి విడిపోతాయి. బల్లపరుపుగా జడ అల్లడానికి కనీసం మూడు పాయలు కావాలి.

జడ వేసే పద్ధతి

తాళ్ళతో చెయ్యి తిరిగిన తరువాత జుట్టు మీదికి రావచ్చు. అన్నలూ, తమ్ముళ్ళూ కూడా నేర్చుకోండి. గనుల ఊళ్ళలో పని మూడు షిఫ్టులలో జరుగుతుంది. అమ్మకు ఇంటిపని తెమలని పూట, చెల్లెలికి జడ వేసిపెట్టే అన్న ఉంటే ఆ ఇంట బడిగంటకు ఎవరూ ఆలస్యం కారు.

ముందుగా చిక్కు తీయాలి. పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన తీసుకుని జుట్టు కొసల దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి రావాలి. పైనుంచి ఒకేసారి దువ్వితే చిక్కులన్నీ కిందికి దిగి ఒకటే ఉండ అవుతుంది. తడిజుట్టు పొడిజుట్టు కన్న ఎక్కువ సాగుతుంది, త్వరగా తెగుతుంది. కనుక తలంటుకున్న రోజున జుట్టు ఆరిన తరువాతనే జడ వేయాలి. నాలుగు చుక్కల కొబ్బరినూనె రాస్తే దువ్వెన సులువుగా నడుస్తుంది.

దువ్వెన మొనతో నుదుటి నుంచి మెడదాకా తిన్నగా పాపిడి తీసి, జుట్టును రెండు భాగాలు చేయండి. ఒక్కొక్క భాగాన్ని మూడు సమానమైన పాయలు చేయండి. పాయలు సమానంగా లేకపోతే జడ ఒకపక్కకు వంకరపోతుంది. తరువాత అల్లిక మీకు తెలిసినదే. చివర రిబ్బను ముడివేసి, జడను మడిచి పైకి కడితే బడికి వెళ్ళే రెండుజడలు సిద్ధం.

బతుకమ్మ నాడు ఒంటిజడ వేసి చివర కుచ్చులు కట్టవచ్చు. చిన్నపిల్లలకు జుట్టు పొట్టిగా ఉండి ముఖం మీద పడుతుంటే, నడినెత్తి మీద మూడు చిన్నపాయలతో మొదలుపెట్టి, ప్రతి మెలికలోనూ పక్కనుంచి కొంత జుట్టు కలుపుకుంటూ రండి. పొట్టి వెంట్రుకలు కూడా అల్లికలో ఒదిగిపోతాయి.

ఆటమూల అలంకరణ

ఆటకు ప్రత్యేకంగా ఒక గది అందరి ఇళ్ళలోనూ ఉండదు. రెండు గదుల క్వార్టరులో కూడా ఒక మూల మాత్రం దొరుకుతుంది. ఆ మూలను అలంకరించడానికి బజారుకు వెళ్ళనక్కరలేదు. నేర్చుకున్న జడనే వాడుకుందాం.

మొదట కూర్చోవడానికి ఒక గుండ్రని చాప చేద్దాం. అమ్మను అడిగి ఒక పాత నూలుచీర తీసుకోండి. చీర సుమారు అయిదున్నర మీటర్ల పొడవు, మీటరుకు కొంచెం పైగా వెడల్పు ఉంటుంది. దానిని పొడవునా 5 సెంటీమీటర్ల వెడల్పు పీలికలుగా చింపితే సుమారు 20 పీలికలు, అంటే 110 మీటర్లు వస్తాయి.

ఇది చాపకు సరిపోతుందా? లెక్క కడదాం. చాప అడ్డంగా 60 సెంటీమీటర్లు ఉండాలనుకోండి. వ్యాసార్ధం 30. వైశాల్యం 3.14 × 30 × 30, అనగా 2826 చదరపు సెంటీమీటర్లు. జడ 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, 2826ను 2తో భాగించగా 1413 సెంటీమీటర్లు. అంటే సుమారు 14 మీటర్ల జడ కావాలి. అల్లికలో పీలికలు వంకరలు తిరుగుతాయి గనుక పొడవు తగ్గుతుంది. పాయకు 20 మీటర్ల చొప్పున మూడు పాయలకు 60 మీటర్లు ఉంచుకుంటే చాలు. చూశారా! ఒక చీరతో చాప పూర్తయి, ఇంకా గుడ్డ మిగులుతుంది.

పీలికలను ఒకదానికొకటి కుట్టి పొడుగు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. మూడు పాయల అతుకులూ ఒకేచోటికి రానీయకండి. ఒక పాయకు అతుకు ఉన్నచోట మిగిలిన రెండూ అతుకు లేకుండా ఉండాలి. అప్పుడు చాప ఎక్కడా బలహీనపడదు. జడను నేలమీద పరచి, మధ్యనుంచి గుండ్రంగా చుట్టుకుంటూ, పక్క వరుసతో కలిపి సూదితో కుట్టండి. దారం మరీ బిగించి లాగితే చాప గిన్నెలాగా పైకి లేస్తుంది. చిన్నవాళ్ళు సూది పట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

ఇక గోడకు. రంగుకాగితాలను వేలెడు వెడల్పున కత్తిరించి, ఒక్కొక్కదానిని ఉంగరంగా అతికించి, ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసు చేయండి. దాని పక్కన వేలాడదీయడానికి మూడు రంగుల దారాలతో ఒక జడ అల్లి, రెండు కొసలా ముడి వేయండి. కింద చిన్న పలకమీద నిర్మల్ కొయ్యబొమ్మ ఒకటి పెడితే మూలకు నిండుదనం వస్తుంది. నిర్మల్ కూడా ఒకప్పుడు శ్రీరాంపూర్ ఉన్న ఆదిలాబాదు జిల్లాలోనిదే.

గొలుసులు, తాళ్ళు గోడకు ఎత్తుగా, చిన్నపిల్లల చేతికి అందకుండా కట్టాలి. ఉయ్యాల దగ్గర, పడక దగ్గర, దీపం దగ్గర కట్టరాదు. తాడును ఎన్నడూ మెడకు వేసుకుని ఆడరాదు.

ఒక పరీక్ష

అలంకరణ పూర్తయిందా? ఇప్పుడు ఆ కాగితపు గొలుసుకు గుప్పెడు చింతగింజలు కట్టిన చిన్న గుడ్డమూట తగిలించండి. దారాల జడకు కూడా అటువంటి మూటే తగిలించండి. రెండింటికింద ఒక దిండు పెట్టండి.

గొలుసులో ఒక్క ఉంగరాన్ని కత్తెరతో కత్తిరించండి. మూట దబ్బున పడిపోతుంది. గొలుసులో ఇరవై ఉంగరాలు ఉన్నా, ముప్పై ఉన్నా అంతే. మిగిలినవన్నీ గట్టిగానే ఉన్నాయి, అయినా ఒక్కటి తెగితే అన్నీ ఓడినట్లే.

ఇప్పుడు జడలో ఒక్క దారాన్ని మాత్రం కత్తిరించండి. మూట పడలేదు! మిగిలిన రెండు దారాలు బరువు పంచుకున్నాయి. తెగిన దారం కూడా ఊడి రాలేదు. పక్కదారాలు నొక్కిపట్టి ఉండటంవల్ల అది తెగినచోటికి కొంచెం పైనా, కొంచెం కిందా తన పని తాను చేస్తూనే ఉన్నది.

గనిలో ఉక్కుతాడు

ఈ తేడాయే గనులలో ఎన్నో ప్రాణాలను కాపాడింది. జర్మనీలో హార్జ్ కొండలు ఉన్నాయి. అక్కడి క్లాస్తాల్ గనులలో రెండువందల ఏళ్ళకిందట లోహపురాళ్ళను ఇనుపగొలుసులతో పైకి లాగేవారు. గొలుసు పైకి బాగానే కనబడేది. ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా ఏదో ఒక లంకె పుటుక్కున తెగేది. కిందనున్నవారి గతి ఏమిటో మీరే ఊహించండి. జనపనార తాళ్ళు వాడితే అవి తడికి చివికిపోయేవి.

విల్హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి ఇదంతా పరిశీలించాడు. 1834లో ఆయన నాలుగేసి ఇనుపతీగలను మెలిపెట్టి ఒక పాయ చేయించాడు. అటువంటి మూడు పాయలను కలిపి పేనించాడు. మొత్తం పన్నెండు తీగలు, మూడు పాయలు! ఆ తాడు గనిలో చక్కగా పనిచేసింది. ఒక తీగ తెగినా మిగిలిన పదకొండూ బరువు మోశాయి. తెగిన తీగ కొస బయటికి పొడుచుకువచ్చి, "నన్ను మార్చండి" అని ముందుగానే హెచ్చరించేది.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. జడను అల్లుతారు, తాడును పేనుతారు. పద్ధతులు వేరు, కాని బలాన్ని పంచుకునే సూత్రం ఒక్కటే. నేటి ఉక్కుతాళ్ళలో సాధారణంగా నడుమ ఒక నడికట్టు, దానిచుట్టూ ఆరు పాయలు, ఒక్కొక్క పాయలో అనేక తీగలు ఉంటాయి. భూగర్భగనులలో బొగ్గునూ, సామాన్లనూ, కొన్నిచోట్ల మనుషులనూ చేరవేయడానికి ఇటువంటి తాళ్ళు వాడతారు. ఆ తాళ్ళను క్రమం తప్పకుండా పరీక్షించాలని గనుల నిబంధనలు చెబుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

తాడు హెచ్చరించినట్లే జుట్టు కూడా హెచ్చరిస్తుంది. మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. వెంట్రుక తనంతట తాను గట్టిదే, కాని దాని కుదురు ఉండేది మెత్తని చర్మంలో. చెదరకూడదని జడను రోజూ ఒకేచోట బిగించి లాగి కడితే, ఆ లాగుడు కుదుళ్ళమీద పడుతుంది. నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. ఏళ్ళ తరబడి అట్లాగే సాగితే అక్కడ మళ్ళీ మొలవకపోవచ్చు.

"అమ్మా, నొప్పి!" అని పిల్ల అంటే అది గారాబం అనుకోవద్దు. తాడులోనుంచి పొడుచుకువచ్చిన తీగవంటి మాట అది. పాపిడి దగ్గర చిన్న పొక్కులు, నుదుటిమీద తెగిన పొట్టి వెంట్రుకలు కనిపిస్తే జడ వదులు చేయండి. పాపిడి చోటు అప్పుడప్పుడు మార్చండి. రాత్రి పడుకునేముందు రిబ్బను విప్పి, వదులుగా ఒక జడ వేయండి. ఒకరి దువ్వెన ఒకరు వాడకుండా చూడండి. తలలు తాకినప్పుడు పేలు పాకుతాయి గనుక, బడికి విరబోసుకుని పంపే కన్న జడ వేసి పంపడమే మేలు.

పిల్లలూ, చివరిగా ఒక కబురు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భగనులలో పనికి పెట్టుకోరాదన్నది. 2019లో కేంద్రప్రభుత్వం ఆ నిబంధన సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలలో స్త్రీలు పగటివేళ గనిలోకి దిగవచ్చునని అనుమతించింది. నేడు కిటికీ ఊచకు మూడు తాళ్ళు కట్టి జడ నేర్చుకునే పిల్ల, రేపు ఇంజనీరై, జడ ముడిచి శిరస్త్రాణం కింద భద్రపరచుకుని బాయిలోకి దిగవచ్చు. అక్కడి ఉక్కుతాడును చేతి దీపం వెలుగులో చూసి, ఏ తీగ తెగిందో కనిపెట్టవచ్చు. ఆ తాడు మీద ఆధారపడినవారందరూ క్షేమంగా ఇల్లు చేరుతారు.

ముందు మూడు రంగుల తాళ్ళు వెతికి తెచ్చుకోండి. ఆరుసార్లు మార్చి, రంగులు తమ చోటికి వచ్చాయో లేదో చూడండి.