వలిసెపూవు – కవి చూపు

నవంబరు, డిసెంబరు నెలల్లో అరకులోయ వలిసెచేలు మన కవులకు కొండవాలున ఆరేసిన పసుపు చీరల్లా కనిపిస్తాయి. మొదట నాకూ అలాగే కనిపించాయి. ఆ పైరు వేసిన గిరిజన రైతుకు మాత్రం అది నూనెగింజ. ఇథియోపియా ఎత్తునేలల్లో పుట్టిన పంట ఇది. నల్లని గింజను గానుగాడితే వంటనూనె, మిగిలిన చెక్క పశువులకు. పూవుమీద తేనెటీగ వాలకపోతే గింజ సరిగా కట్టదు. ఇక ఈ పైరును పెనవేసుకుని, దాని రసం పీల్చి బతికే కలుపు పేరేమిటో తెలుసా? బంగారుతీగ! పేరు వింటే చాలు, గేయం రాయబుద్ధవుతుంది. ఇప్పుడు ఫొటోల కోసం చేలోకి దిగే పర్యాటకుల దగ్గర కొందరు రైతులు డబ్బు తీసుకుంటున్నారు. అది అత్యాశ అన్న కవిమిత్రుడితో నేను ఏకీభవించను. తొక్కిన మొక్క గింజ కట్టదు.