పాటకీ పాటకీ మధ్య పుట్టిన జానీ

ముంబయి: ఆర్కెస్ట్రాలో ఒక పాట అయిపోయింది. తర్వాత పాడాల్సిన వాళ్లు ఇంకా మైకు దగ్గరకు రాలేదు. వాయిద్యాల వాళ్లు శ్రుతి సరిచూసుకుంటున్నారు. వెనక వరుసల్లో ఈలలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే మిమిక్రీ కుర్రాణ్ని స్టేజీ మీదకు పంపేవాళ్లు. అయిదు నిమిషాలు జనాన్ని కూర్చోబెట్టాలి, మళ్లీ పాట మొదలవగానే దిగిపోవాలి. 1970ల బొంబాయిలో గణపతి పందిళ్ల నుంచి పెద్ద హాళ్ల దాకా అతని పని అదే. ఆ అయిదు నిమిషాల్లోంచి వచ్చిన వాడే జానీ లీవర్.. మన జాన్ ప్రకాశరావు జనుమల.

కనిగిరి నుంచి కింగ్స్ సర్కిల్‌కి..

హిందీ సినిమాలు చూసే చాలామందికి ఈయన తెలుగువాడని ఇప్పటికీ తెలీదు. పుట్టింది 1957 ఆగస్టు 14న కనిగిరిలో. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. తెలుగు క్రైస్తవ కుటుంబం. తండ్రికి బొంబాయి హిందుస్థాన్ లీవర్ కంపెనీలో ఆపరేటర్ పని. పెరిగిందంతా కింగ్స్ సర్కిల్, ధారవి బస్తీల్లోనే. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివారు. ఆపైన ఇంటి పరిస్థితి సాగనివ్వలేదు. తండ్రి తాగుడు, ఇంట్లో ఇబ్బందుల గురించి జానీయే చాలా ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండా చెప్పుకొచ్చారు.

ఇంటికి పెద్దవాడు. ఏదో ఒకటి చెయ్యాలి. రోడ్డు మీద నిలబడి పెన్నులు అమ్మారు. పెన్నులు అమ్మేవాళ్లు బొంబాయిలో వందలమంది. ఈ కుర్రాడు మాత్రం హిందీ హీరోల గొంతుల్లో, వాళ్ల నడకలు నడుస్తూ అమ్మేవాడు. స్టేజీ ముందు కూర్చున్నవాడు టిక్కెట్టు కొన్నాడు కాబట్టి కాసేపు ఓపిక పడతాడు. ఫుట్‌పాత్ మీద పోయేవాడికి ఆ మొహమాటం ఉండదు. నచ్చకపోతే ఆగనే ఆగడు. జానీకి మొదటి పాఠం నేర్పింది ఆ ఆగని జనమే అనుకోవాలి.

కొంతకాలం హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో కూడా ఉన్నారు. కామెడీలో కొన్ని మెళకువలు అక్కడే పట్టుకున్నారు. ఇక ధారవి సంగతి చెప్పక్కర్లేదు. ఒకే సందులో తమిళం, తెలుగు, మరాఠీ, గుజరాతీ, ఉత్తరాది యాసలు.. మిమిక్రీ చేసేవాడికి అంతకంటే పెద్ద బడి ఎక్కడుంటుంది!

సార్లను అనుకరించిన రోజు

తండ్రి పనిచేసిన లీవర్ కంపెనీలోనే కొడుకూ కూలీగా చేరాడు. డ్రమ్ములు మోసే పని. అప్పటికే బయట చిన్నాచితకా స్టేజీ షోలు చేస్తున్నాడు. ఒకసారి కంపెనీ ఫంక్షన్లో పెద్దాఫీసర్లను ఒక్కొక్కరినీ అనుకరించి చూపించాడు. మాట తీరు, నడక, కసురుకోవడం.. అన్నీ. ముందు వరుసలో ఆ ఆఫీసర్లు, వెనక కార్మికులు. కాస్త అటూ ఇటూ అయితే ఉద్యోగానికే ఎసరు. కానీ హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచే తోటి కార్మికులు జానీ లీవర్ అని పిలవడం మొదలెట్టారు. ఆ పేరే ఉండిపోయింది. 2007లో కంపెనీ తన పేరును హిందుస్థాన్ యూనిలీవర్‌గా మార్చుకుంది గానీ, ఈయన మార్చుకోలేదు.

పర్మినెంటు ఉద్యోగం వదిలేశాక..

షోలు పెరిగాయి. డ్యూటీకి నాగాలు పెరిగాయి. స్టేజీ మీద వచ్చే డబ్బు జీతాన్ని దాటింది. 1981లో ఉద్యోగం మానేశారు.

ఇప్పుడు చదివితే చిన్న సంగతిలా ఉంటుంది. కంపెనీలో పర్మినెంటు ఉద్యోగమంటే ఆ రోజుల్లో బొంబాయి తెలుగు కుటుంబాలకు ఏమిటో వర్లీ, పరేల్ చాళ్లలో పెద్దవాళ్లను అడగండి. నెల జీతం, బోనసు, పిల్లకు సంబంధం.. అన్నీ దాన్నిబట్టే. జానీ మానేసిన మరుసటి ఏడాదే, 1982 జనవరి 18న, బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు. వాళ్లలో తెలంగాణ నుంచి వచ్చిన మన పద్మశాలీలు ఎంతోమంది. చాలామంది మళ్లీ మిల్లు గేటు లోపలికి వెళ్లనే లేదు. గట్టిదనుకున్న కొలువు అలా పోయింది. గాల్లో దీపం అనుకున్న స్టేజీ మాత్రం జానీని నిలబెట్టింది. అయితే అదృష్టం అని తీసిపారేయడానికి లేదు. ఆర్కెస్ట్రాల్లో పేరొచ్చాక సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ తమ బృందంలో చేర్చుకున్నారు. వాళ్లతో దేశమంతా తిరిగారు, విదేశాలకూ వెళ్లారు. 1980ల మొదట్లో అమితాబ్ బచ్చన్ టూర్‌లో కూడా ఉన్నారు. ప్రతి ఊళ్లోనూ కొత్త జనం. నిన్న పేలిన జోకు ఇవాళ పేలుతుందన్న గ్యారంటీ లేదు. ఏ ముక్క ఉంచాలి, ఏది కొయ్యాలి అనేది ఆ తిరుగుళ్లలోనే తేలుతుంది.

ఆ తర్వాత 'హసీ కే హంగామే' క్యాసెట్ వచ్చింది. జానీ కామెడీలో సగం మొహంలోనే ఉంటుంది. క్యాసెట్లో మొహం కనపడదు. గొంతు, మాట, మధ్యలో ఎంతసేపు ఆగాలన్న లెక్క.. ఇవే దిక్కు. అయినా దేశంలో ఇంటింటికీ ఆయన్ను పరిచయం చేసింది అదే. రాత బలంగా లేకపోతే అది కుదిరేది కాదు.

సినిమాలోనూ అదే ఖాళీ

సునీల్ దత్ ఒక షోలో చూసి 'దర్ద్ కా రిష్తా' (1982)లో వేషం ఇచ్చారు. అయినా సినిమా వెంటనే తలుపులు తెరవలేదు. 1986లో 'హోప్ 86' అనే చారిటీ షోలో, హిందీ సినిమా వాళ్లంతా కూర్చున్న చోట, జానీని మళ్లీ ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య ఖాళీ నింపడానికే పంపారు. ఆ కాసేపట్లోనే జనాన్ని పడేశారు. నిర్మాత గుల్ ఆనంద్ 'జల్వా' (1987)కు పిలిచారు. 1993లో అబ్బాస్-మస్తాన్‌ల 'బాజీగర్'లో నౌకరు బాబూలాల్ వేషంతో దశ తిరిగింది. అందులో తన కామెడీ చాలావరకు సెట్లో అప్పటికప్పుడు అల్లుకున్నదేనని తర్వాత ఆయనే చెప్పారు. 'దీవానా మస్తానా' (1997), 'దుల్హే రాజా' (1998)లకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ హాస్యనటుడి అవార్డులు వచ్చాయి. సినిమాల లెక్క మూడొందలు దాటింది.

వీటన్నిట్లోనూ మంచి వేషాలే ఉన్నాయా? లేవు. కథతో సంబంధం లేకుండా వచ్చి, అరిచి, వెళ్లిపోయే పాత్రలు కొల్లలు. హిందీ సినిమా ఆయన్ను చాలాసార్లు ఫిల్లర్‌గానే వాడుకుంది. దక్షిణాది వాళ్ల హిందీని వెక్కిరించే ఐటమ్‌లూ ఉన్నాయి. మనవాళ్లలో కొందరికి అవి గుచ్చుకుంటాయి. కింగ్స్ సర్కిల్లో పెరిగినవాడు తన ఇంటి మాటనే ఆడిస్తున్నాడని ఇంకొందరు నవ్వుకుంటారు. రెండూ నిజమే. కానీ స్టేజీ షోలో ఆ తంటా తక్కువ. అక్కడ రాసేది తనే, కోసేది తనే.

మిమిక్రీ కళాకారుల సంఘానికి అధ్యక్షుడిగానూ పనిచేశారు. తమ్ముడు జిమీ మోజెస్‌దీ ఇదే దారి. 2025లో వచ్చిన 'హౌస్‌ఫుల్ 5'లోనూ జానీ ఉన్నారు. ఇక కూతురు జేమీ లీవర్ స్టాండప్ కామెడీతోనే పైకొచ్చింది. 'హౌస్‌ఫుల్ 4' (2019)లో తండ్రీకూతుళ్లిద్దరూ కనిపించారు, స్టేజీ కూడా పంచుకున్నారు. ఆమె అనుకరణల్లో జనం పదే పదే అడిగేది ఆశా భోంస్లే గొంతును.