గ్రావెల్ సైక్లింగు (పల్నాడు)

గ్రావెల్ సైక్లింగు అనగా వాహనాల రద్దీ గల తారు రోడ్లను విడిచి, కంకర దారులు, మట్టి దారులు, కాలువ కట్టలు, అడవి అంచు బాటల మీదుగా సైకిలుపై చేసే దూర ప్రయాణము. ఇది పందెముగాను, విహారముగాను ఉండవచ్చును. కొండలు, అడవులు, ప్రాచీన స్థలాలు దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతాలు దీనికి అనుకూలము. ఆంధ్ర ప్రదేశ్‌లో అటువంటి ప్రాంతాలలో పల్నాడు ఒకటి. ఈ వ్యాసములో ఈ ప్రయాణ విధానము, పల్నాడు జిల్లాలో, ముఖ్యముగా నూజెండ్ల, వినుకొండ పరిసరాలలో దీనికి తగిన దారులు వివరించబడినవి.

చరిత్ర

తొలి నాళ్ళలో సైకిళ్ళన్నీ మట్టి దారులపైనే నడిచినవి. తారు రోడ్లు వచ్చిన తరువాత సన్నని టైర్ల సైకిళ్ళు పెరిగినవి. ఇటలీలోని టస్కనీ ప్రాంతములో తెల్లని కంకర దారులను కాపాడుకొనే ఉద్దేశముతో 1997లో లెరోయికా అనే సైకిలు యాత్ర ప్రారంభమైనది. పాత కాలపు సైకిళ్ళతో పాల్గొనడము దీని ప్రత్యేకత. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రములో, ఎంపోరియా పట్టణము కేంద్రముగా 200 మైళ్ళ కంకర దారి పందెము 2006లో మొదలైనది. ప్రస్తుతము దీనిని అన్‌బౌండ్ గ్రావెల్ అని పిలుస్తారు. అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ గ్రావెల్ పోటీలను నిర్వహించినది.

విహార యాత్రలకు మరొక ఉదాహరణ అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో ఉన్న కేటీ ట్రెయిల్. మూతబడిన రైలు మార్గముపై సున్నపురాయి పొడి పరచి, సుమారు 386 కిలోమీటర్ల పొడవున కాలినడకకు, సైకిళ్ళకు దీనిని ఏర్పాటు చేశారు. తెలుగు ప్రాంతములో మోటారు వాహనాలు లేని సైకిలు దారికి ఉదాహరణ హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర ఫలకాల పైకప్పు దారి. అయితే అది నగరపు దారియే గాని కంకర దారి కాదు.

సైకిలు

గ్రావెల్ సైకిలు చూపునకు పందెపు సైకిలు వలెనే వంపు హ్యాండిలుతో ఉంటుంది. తేడా ముఖ్యముగా టైర్లలో ఉన్నది. పందెపు సైకిలు టైరు 25 నుండి 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉండగా, గ్రావెల్ సైకిలు టైరు 35 నుండి 50 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టవచ్చును. గాలి తక్కువగా ఉన్న టైరు, రాయి తగిలినప్పుడు తాను నొక్కుకొని రాయిని తనలో ఇముడ్చుకొంటుంది. గాలి గట్టిగా ఉన్న టైరు అలా నొక్కుకొనలేక సైకిలును, మనిషిని కూడ పైకి ఎగరవేస్తుంది. ప్రతి ఎగురుటలోను తొక్కిన శక్తి కొంత వృధా అవుతుంది. అందువలన కంకర దారిపై గాలి తగ్గించిన వెడల్పు టైరే వేగముగా సాగును.

ఇక్కడ గమనించదగిన విషయమొకటి ఉన్నది. మన గ్రామాలలో పాలవారు, రైతులు, బడిపిల్లలు తరతరాలుగా తొక్కిన సాధారణ సైకిలు టైరు కొలత 28 × 1½ అంగుళాలు, అనగా వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు. ఇది గ్రావెల్ టైరు వెడల్పుతో సమానము. సాధారణ సైకిలు బరువు ఎక్కువ, గేర్లు ఉండవు, రాడ్డు బ్రేకులు దిగుడులో అంతగా పట్టవు. సమతల దారికి మాత్రము అది చక్కగా సరిపోవును. కావున ఈ ప్రయాణానికి ఖరీదైన సైకిలు తప్పనిసరి కాదు.

పల్నాడు నైసర్గిక స్థితి

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి ఏర్పడినది. దీని కేంద్రము నరసరావుపేట. ఉత్తరాన కృష్ణానది, పడమట నల్లమల కొండలు ఉన్నవి. భూగర్భములో సున్నపురాయి, నాపరాయి విస్తారముగా ఉన్నవి. పిడుగురాళ్ళ సున్నానికి, మాచర్ల నాపరాళ్ళకు ప్రసిద్ధి. నాప, ఎర్రమట్టి నేలల మీద దారి గట్టిగా ఉంటుంది. నల్లరేగడి నేలలో మాత్రము వాన పడితే బంకమట్టి చక్రానికి, ఫోర్కుకు మధ్య పేరుకొని సైకిలు కదలదు. అప్పుడు మట్టి ఆరే వరకు ఆగడమే మార్గము.

నూజెండ్ల మండల కేంద్రము. ఈ మండలము వినుకొండ శాసనసభ నియోజకవర్గములో, దర్శి ప్రాంతపు సరిహద్దున ఉన్నది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నది కంభం చెరువును నింపి, వినుకొండ, నూజెండ్ల ప్రాంతము మీదుగా అద్దంకి వైపు సాగి బంగాళాఖాతములో కలుస్తుంది.

దారుల రకాలు

డొంకలు: పొలాల మధ్యగా ఎడ్లబండ్లు, పశువులు నడిచే దారిని ఈ ప్రాంతములో డొంక అంటారు. ఇవి గ్రామ రెవెన్యూ పటములలో పోరంబోకుగా నమోదైన ఉమ్మడి దారులు. ఇరువైపుల తుమ్మ, వేప చెట్లు, ముళ్ళకంపలు ఉంటాయి. ఒక ఊరి నుండి మరొక ఊరికి తారు రోడ్డు ఎక్కకుండ చేరడానికి ఇవే ఆధారము.

కాలువ కట్టలు: నాగార్జునసాగర్ కుడికాలువ పేరు జవహర్ కాలువ. ప్రధాన కాలువ పొడవు 203 కిలోమీటర్లు. నీరు తనంతట తానే పారవలెను గనుక కాలువను నేల వాలు ననుసరించి కొద్దిపాటి పల్లముతో త్రవ్వుతారు. అందువలన కట్టపై దారి వంపులు తిరుగుతూ పోయినను ఎత్తుపల్లములు దాదాపు ఉండవు. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది అనుకూలము. అయితే ఈ దారులు కాలువ పర్యవేక్షణకు నీటిపారుదల శాఖ ఏర్పరచుకొన్నవి. ప్రక్కన పిట్టగోడ ఉండదు, కాలువ ఒడ్లు నిటారుగా ఉంటాయి. పడినవారు తిరిగి గట్టెక్కడము కష్టము.

అటవీ బాటలు: బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల వైపు అడవి దట్టమవుతుంది. పడమట నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి అనుమతి లేనిదే ప్రవేశించరాదు. రిజర్వు అడవికి కూడ అటవీశాఖ అనుమతి అవసరము. అడవి అంచు గ్రామాల దారులతో సరిపెట్టుకొనుట మంచిది.

చూడదగిన స్థలాలు

వినుకొండ: కొండపై రామలింగేశ్వరస్వామి ఆలయమున్నది. సీతాపహరణ వార్తను రాముడు ఇక్కడ విన్నాడు గనుక ఈ పేరు వచ్చినదని స్థలపురాణము. మహాకవి గుర్రం జాషువా 1895లో ఇక్కడ జన్మించాడు.

కారెంపూడి: నాగులేటి ఒడ్డున ఉన్న పల్నాటి యుద్ధభూమి. 12వ శతాబ్దపు ఈ యుద్ధములో మరణించిన వీరులకు కార్తీక మాసములో ఆరాధనోత్సవాలు జరుగుతాయి.

మాచర్ల: చెన్నకేశవస్వామి ఆలయము. బ్రహ్మనాయుడు కులభేదము లేకుండ చాపకూడు పెట్టించిన గాథ ఈ ప్రాంతానిదే.

కోటప్పకొండ: త్రికోటేశ్వరస్వామి క్షేత్రము. మహాశివరాత్రికి పరిసర గ్రామాల నుండి ఎత్తయిన ప్రభలు తరలివస్తాయి.

కొండవీడు: 14, 15 శతాబ్దాలలో రెడ్డిరాజుల రాజధాని. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఈ దుర్గాన్ని జయించాడు.

జాగ్రత్తలు

ఈ ప్రాంతము ఎండలకు పేరు పొందినది. మార్చి నుండి జూన్ వరకు ఉదయము 9 గంటలలోపే ప్రయాణము ముగించవలెను. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలము. వినుకొండ, బొల్లాపల్లి పరిసరాల భూగర్భ జలాలలో ఫ్లోరైడు ఎక్కువ కావున బోరు నీటికి బదులు శుద్ధి చేసిన నీరు త్రాగుట మేలు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు టైర్లకు ప్రధాన శత్రువులు. ట్యూబు, గాలిపంపు, అతుకు వేసే సామగ్రి వెంట ఉండవలెను. గొర్రెల మంద ఎదురైనప్పుడు సైకిలు దిగి, కాపరి దారి ఇచ్చువరకు నిలువవలెను. గంట మ్రోగించినచో మంద చెదరిపోవును. పొలాలలోనికి దిగరాదు. దారి మీద ఆరబోసిన ధాన్యము, మిరప కాయలు తొక్కరాదు.

డొంకల పరిరక్షణ

భారతదేశములో 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించారు. పెద్ద రోడ్డుపై సైకిలు తొక్కడానికి పెద్దలు జంకుతారు, పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. ఇట్టి స్థితిలో ఊరినుండి ఊరికి వాహనాల రద్దీ లేకుండ చేర్చే డొంక విలువ హెచ్చినది. కాని ఎడ్లబండ్లు తగ్గిన కొలది డొంకలు వాడుక తప్పి, ముళ్ళకంపతో మూసుకొనిపోవుచున్నవి. కొన్నిచోట్ల ప్రక్క పొలములలో కలిసిపోవుచున్నవి. పటములో ఉండి నేలపై లేని దారిని తిరిగి తెరిపించడము కష్టము. మనుషులు నడుస్తున్న దారిని ఆక్రమించడము అంత సులభము కాదు. డొంకపై సైకిలు తిరిగినంత కాలము అది దారిగా నిలుస్తుంది. రైతుకు పొలానికి పోవుటకును, బడిపిల్లకు పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవుటకును అదే దారి ఉపయోగపడుతుంది.

చేరుకొనే విధము

గుంటూరు–గుంతకల్లు రైలు మార్గములో నరసరావుపేట, వినుకొండ స్టేషన్లు ఉన్నవి. సైకిలును రైలులో పార్సిలుగా తీసుకొనిపోవచ్చును. వినుకొండ నుండి నూజెండ్లకు రోడ్డు మార్గము కలదు.

ఇవి కూడా చూడండి

పల్నాటి యుద్ధం
గుండ్లకమ్మ
నాగార్జునసాగర్
కొండవీడు