అక్షాంశం ఒకటే, ఆకాశాలు వేరు

లద్దాఖ్‌లోని హాన్లే, అమెరికాలోని డాలస్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి: 32.8 డిగ్రీల ఉత్తరం. 2024 మే 10 రాత్రి భూమిని తాకిన సౌర తుపాను రెండు చోట్లా ధ్రువ కాంతులు (అరోరా) పుట్టించింది. డాలస్ పరిసరాల్లో జనం ఇంటి ముందు నిలబడి ఫోన్లలో గులాబీ రంగు ఆకాశాన్ని పట్టుకున్నారు. హాన్లేలో మాత్రం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ కెమెరాలకు ఉత్తర దిక్కున ఎర్రటి వెలుగు చిక్కింది.

ఈ తేడాకు కారణం భూమి అయస్కాంతం. దాని ఉత్తర ధ్రువం సరిగ్గా భౌగోళిక ధ్రువం దగ్గర లేదు, అమెరికా ఖండం వైపు ఒరిగి ఉంది. అక్కడి నుంచి కొలిస్తే డాలస్ అక్షాంశం 41 డిగ్రీలకు పెరుగుతుంది, హాన్లేది 25 లోపుకి పడిపోతుంది. ధ్రువ కాంతులు పాటించేది ఈ రెండో కొలతనే. అందుకే డాలస్, న్యూజెర్సీలలో స్థిరపడిన తెలుగువారికి ఇంటి దగ్గరే చూసే అవకాశం ఉంది. 2024 అక్టోబర్ 10న మరోసారి చూశారు కూడా. హైదరాబాద్, విజయవాడల్లో ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అసలు వెలుగు ఎలా పుడుతుంది? సూర్యుడి నుంచి ఒక్కోసారి విద్యుదావేశం ఉన్న పదార్థం భారీ ఎత్తున ఎగసిపడుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది. దాని తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కదిలిపోయి, అందులోని ఎలక్ట్రాన్లు వాతావరణం పైపొరల్లోకి దూసుకొస్తాయి. అవి ఢీకొన్న ఆక్సిజన్ పరమాణువులు ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తాయి. 100 కిలోమీటర్లు దాటిన ఎత్తులో అది ఆకుపచ్చగా ఉంటుంది. ఎరుపు అలా కాదు. ఆ వెలుగు ఇవ్వడానికి పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు కావాలి. కింద గాలి చిక్కగా ఉండటంతో ఈలోగా మరో అణువు తగిలి ఆ శక్తిని లాగేసుకుంటుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్ల పైనే కనిపిస్తుంది.

భూమి వంపు వల్ల 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకుపచ్చ వెలుగు సుమారు 1,100 కిలోమీటర్ల దూరం వరకే కనిపిస్తుంది. 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎరుపు 1,900 కిలోమీటర్ల అవతలికీ కనిపిస్తుంది. దక్షిణాన ఉన్నవారికి ఎరుపే దక్కేది ఇందుకే.

ఆ ఎరుపు కంటికి సరిగా ఆనదు. మసక చీకట్లో పనిచేసే మన కంటి కణాలకు రంగులు తెలియవు, ముదురు ఎరుపు అసలే అందదు. బూడిదరంగు పొగలా ఏదో ఉన్నట్టు అనిపిస్తుందంతే. కెమెరా పది సెకన్ల వెలుగును పోగుచేసి రంగు చూపిస్తుంది. కాబట్టి ఫొటో అబద్ధమనడం తప్పు. ఆ రంగంతా కళ్లారా చూశామనడమూ తప్పే.

ఫొటో తీయడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. కదలని స్టాండు ముఖ్యం. ఫోన్లో నైట్ మోడ్, మూడు సెకన్ల టైమర్ పెడితే చాలు. కెమెరా అయితే ఐఎస్‌ఓ 1600, పది సెకన్లతో మొదలుపెట్టి, ఫోకస్ ఒక మెరిసే నక్షత్రం మీద చేత్తోనే సరిచేయాలి. చారలు వేగంగా కదులుతుంటే సమయం నాలుగైదు సెకన్లకు తగ్గించాలి, లేదంటే అలికేసినట్టు వస్తాయి. చూడాల్సింది ఉత్తరానికి కనుక ఊరి దీపాలు వెనక్కి రావాలి. డాలస్‌వారు ఓక్లహోమా సరిహద్దు వైపు వెళ్లడం మేలు. కనిపిస్తున్నది మేఘమేమో అని అనుమానం వస్తే నక్షత్రాలను చూడండి. మేఘం వాటిని కప్పేస్తుంది, ధ్రువ కాంతి గుండా అవి కనిపిస్తూనే ఉంటాయి.

సూర్యుడి పదకొండేళ్ల చక్రం 2024లో ఉచ్చదశకు చేరింది. తగ్గుముఖం పట్టాక కూడా పెద్ద తుపానులు వస్తాయి. 2003 అక్టోబర్‌లో వచ్చినవి అలాంటివే. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 నౌక కాపలా కాస్తున్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఒక బిందువు చుట్టూ. అమెరికా నౌకలు కూడా అక్కడి నుంచే సౌరగాలిని కొలిచి, అది భూమిని చేరడానికి గంటలోపు ముందుగా సమాచారం ఇస్తాయి. అందులో బీజడ్ (సౌరగాలి అయస్కాంతత్వం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా చెప్పే విలువ) చూడండి. అది మైనస్‌లోకి బాగా దిగి అక్కడే నిలిస్తే బయల్దేరవచ్చు. వెలుగు ఒకసారి తగ్గగానే ఇంటిముఖం పట్టకండి. ఇలాంటి తుపాను రాత్రంతా విడతలు విడతలుగా వస్తుంది.